యూజ్‌నెట్ చర్చల ప్రతులు : వాని రక్షణచరిత్రము

కెనడాదేశమున టొరొంటో విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రశాఖలో 1981 మొదలు 1991 వఱకు నిశ్శబ్దముగా నడచిన యొక పని చరిత్రకారుల దృష్టికి రాదగియున్నది. ఆ శాఖయందలి కంప్యూటరును నిర్వహించుచుండిన హెన్రీ స్పెన్సరు, పరస్థలములనుండి తన యంత్రమునకు దినదినమును వచ్చుచుండిన చర్చాలేఖలను చదువరుల యవసరము తీరినపిదప తుడిచివేయుటకు మాఱుగా, అయస్కాంతపు టేపులమీదికి నకలెక్కించి దాచుచు వచ్చెను. పదియేండ్లు గడచుసరికి టేపులు 141 అయినవి. వానియందలి లేఖలు ఇరువదిలక్షలకు మించినవి. ఈ కార్యమును ఏ ప్రభుత్వమును, ఏ గ్రంథాలయమును పూనినది కాదు. అయినను, కంప్యూటరులద్వారమున జనులు దూరమునుండి యొండొరులతో వాదించుకొన నారంభించిన తొలిదశాబ్దమును గుఱించి యెవ్వరేమి వ్రాయదలచినను చేరవలసినది ఆ టేపులనుండి దిగిన ప్రతులకడకే.

ఈ చర్చలను నడపిన యేర్పాటునకు యూజ్‌నెట్ అని పేరు. ఇది నిలుపుటకై పుట్టినది కాదు, పంచుటకై పుట్టినది. లేఖ వ్రాసినవాని యంత్రమునుండి పొరుగుయంత్రమునకును, దానినుండి వేఱొకదానికిని చేరి, కొన్నివారములుండి, ఎచ్చటి కచ్చటనే తుడుపుపడి పోవుటయే దాని పద్ధతి. కావున నేడు మిగిలినదంతయు ఆ పద్ధతికి విరుద్ధముగా మిగిలినదే. ఎవడో యొక చదువరి తరువాత తీరికగా చదువుకొందుననియో, ఎప్పటికైన పనికివచ్చుననియో తన డిస్కుమీదనో టేపుమీదనో ఎత్తిపెట్టుకొన్నందున మిగిలినది. ఈ యంశమును మఱచి యా లేఖలను ప్రభుత్వకార్యాలయపు దస్తావేజులవలె వాడుకొనువారు పొరపడుదురు. ఏ ప్రతి యెవరిచేత, ఎందులకు, ఏ సాధనముతో దాపబడినదో తెలియనిదే దాని ప్రామాణ్యమును నిర్ణయింపరాదు.

1979వ సంవత్సరమున, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున చదువుచుండిన టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనువారు ఈ యేర్పాటును తలపెట్టిరి. పొరుగున చాపెల్ హిల్‌లోనున్న ఉత్తర కరొలైనా విశ్వవిద్యాలయపు విద్యార్థి స్టీవ్ బెలొవిన్ దాని ప్రోగ్రామునకు తొలిరూపమును కల్పించెను. 1980 జనవరిలో బౌల్డరు నగరమున జరిగిన యునిక్స్ వినియోగదారుల సభలో దీనిని ప్రకటించి, ఇతరులనుగూడ చేరుమని పిలిచిరి. అప్పటికి అమెరికా రక్షణశాఖవారి ఆర్పానెట్ ఉండెను గాని దానిలో చేరుట యందఱకును సాధ్యమైన పని కాదు. యూజ్‌నెట్‌నకు కావలసినది యునిక్స్ నడచు యంత్రమొకటి, మోడెమొకటి, టెలిఫోనుతీగ యొకటి. రాత్రివేళ, రుసుము తక్కువగా నుండునపుడు, ఒక యంత్రము మఱియొకదానిని టెలిఫోనున పిలిచి తనయొద్ద క్రొత్తగా చేరిన లేఖలను దానికిచ్చి, దానియొద్దవానిని తాను గైకొనును. యంత్రమునుండి యంత్రమునకు దస్త్రములను నకలుచేయు యు.యు.సి.పి. యను ప్రోగ్రామే యీ బదలాయింపునకు ఆధారము. ఆ పేరులోని కడపటి రెండక్షరములకు నకలనియే యర్థము. మాతృక యని చూపదగిన ప్రతి యేదో యొకచోట పదిలముగా నుండుట యూజ్‌నెట్‌లో లేదు. ఉన్నవన్నియు పుత్రికాప్రతులే.

ఆకాలమున డిస్కు మిక్కిలి చిన్నది, దాని వెల మిక్కిలి హెచ్చు. శాఖయందలి వారందఱి పనులును ఆ డిస్కుమీదనే జరుగవలసియుండగా, పరుల వాదవివాదములకు అందు శాశ్వతస్థానమిచ్చుట పొసగదు. అందువలన ఎక్స్‌పైర్ అను ప్రోగ్రాము వేళకు లేచి గడువుతీరిన లేఖలను తుడిచివేయుచుండెను. గడువు సాధారణముగా రెండు మూడు వారములు. 1983 జూనులో మార్క్ హోర్టన్ ప్రకటించిన లేఖాస్వరూపనియమములలో, లేఖకు ఎన్నటితో కాలము చెల్లునో వ్రాసినవాడే సూచించుటకొక పంక్తి యేర్పఱుపబడియున్నది. ఈ లయము ప్రమాదవశమున వచ్చినది కాదనియు, శాస్త్రములోనే చేరినదనియు దీనివలన తేటపడుచున్నది.

ఈ మఱపునకు కలిగిన ఫలమొకటి విచిత్రము. క్రొత్తగా చేరినవాడు పాతచర్చలను చూడజాలడు గనుక, అడిగినదే యడుగును. విసిగిన పాతకాపులు, తఱచుగా వచ్చు ప్రశ్నలకు సమాధానములను పట్టికలుగా కూర్చి, కొన్నాళ్లకొకసారి మరల మరల ప్రకటింపజొచ్చిరి. ఎఫ్.ఎ.క్యు. అని నేడు ప్రతి కార్యాలయమును వాడుచున్న రచనారూపమునకు వ్యాప్తి వచ్చినది ఇందువలననే. తుడిచివేత లేనియెడల దానికింత యవసరముండెడిది కాదు. మసాచుసెట్స్‌లోని ఎమ్.ఐ.టి. విద్యాలయమువారి యంత్రమొకటి యీ పట్టికలను వరుసగా చేర్చియుంచినది. అనేకసమూహములవిషయమున చర్చ పోయినను చర్చలోని సారమైనను నిలిచినది. అయితే సారము తీసినవాని తీర్పే యందు మిగిలినది గాని, ఓడిన పక్షమువారి వాదము మిగులలేదు.

ఇక చదువరి తనకు నచ్చిన లేఖను నిలుపుకొను మార్గమేది? 1984లో లారీ వాల్ రచించిన ఆర్.ఎన్. అను పఠనప్రోగ్రామునందు ఇందులకు రెండు ఆజ్ఞలుండెను. ఎస్ అను నక్షరమును నొక్కినచో లేఖ తలకట్టుతో సహా చదువరి సొంతదస్త్రములోనికి చేరును. డబ్ల్యు అను నక్షరమును నొక్కినచో తలకట్టును విడిచి విషయము మాత్రమే చేరును. వేఱుగా చెప్పనియెడల ఆ దస్త్రములు న్యూస్ అను పేరుగల యరలో పడియుండును. చూచుటకీ భేదము స్వల్పము. పరిశోధకునకు మాత్రమిదియే సర్వస్వము. వ్రాసినవాని పేరు, తేదీ, సమూహనామము, ఆ లేఖకు మాత్రమే చెందిన గుర్తు, అది యే లేఖకు ప్రత్యుత్తరమో తెలుపు పంక్తి, ఏయే యంత్రములమీదుగా వచ్చినదో తెలుపు పంక్తి, ఇవన్నియు తలకట్టులోనివే. తాళపత్రగ్రంథమున ఆశ్వాసాంతగద్యయు, లేఖకుడు చివర వ్రాసికొనిన తిథివారములును శిథిలమై, పద్యములు మాత్రము మిగిలినచో కవికాలనిర్ణయమున కెంత చిక్కు వచ్చునో పండితులెఱుగనిది కాదు. డబ్ల్యు నొక్కి దాచుకొన్న చర్చలకు పట్టిన గతి యదియే. చోటు కలిసివచ్చునని తలకట్టులను కోసివేసినవారు తమకు తెలియకయే కర్తృనామములను కోసివేసిరి.

ఆ మార్గపంక్తిని గుఱించి మఱికొంత చెప్పవలయును. లేఖ తనయొద్దకు వచ్చినతోడనే ప్రతియంత్రమును తన పేరును ఆ పంక్తికి ముందు చేర్చి, నడుమ ఆశ్చర్యార్థకచిహ్నము నుంచి, ఆవలికి పంపును. కుడినుండి యెడమకు చదివినచో లేఖ పుట్టుచోటు మొదలు దాపబడిన చోటువఱకు దాని వంశావళి తెలియును. ఒకే లేఖ రెండు సంచయములలో రెండు వేఱువేఱు మార్గపంక్తులతో దొరకినచో అది రెండు దారులను నడచివచ్చినదని స్పష్టము. అట్టి లేఖ విశ్వసనీయత హెచ్చును. ప్రాచీనగ్రంథముల ప్రతులకు ఇట్టి వంశావళిని పాఠభేదములనుబట్టి ఎంతో శ్రమపడి యూహింపవలసియుండగా, ఇచ్చట యంత్రములే దానిని వ్రాసిపెట్టినవి.

అట్లని ప్రక్షిప్తములు లేకపోలేదు. 1984 ఏప్రిలు 1వ తేదీని, సోవియట్ దేశాధినేత చెర్నెన్కో పేరిట, క్రెమ్‌వ్యాక్స్ అను యంత్రమునుండి వచ్చినట్లుగా ఒక లేఖ వెలువడి, సోవియట్ దేశము యూజ్‌నెట్‌లో చేరినదని చాటెను. ఆమ్‌స్టర్‌డామునందలి పీట్ బీర్టెమా దానిని పరిహాసార్థము కల్పించి, తరువాత తానే యొప్పుకొనెను. దానిని నమ్మి బదులు వ్రాసినవారు నుండిరి. మార్గపంక్తినిగూడ కల్పింపవచ్చునని యీ యుదంతము చూపినది. 1990 ప్రాంతమున మాస్కోవారు నిజముగనే యీ యల్లికలో చేరినపుడు తమ యంత్రమొకదానికి క్రెమ్‌వ్యాక్స్ అనియే పేరిడుకొనిరి! పేరుమాత్రము చూచి కాలనిర్ణయము చేయబూనువాడు ఆఱేండ్లు తప్పును.

క్రమమునకు సంబంధించిన చిక్కు వేఱొకటి. లేఖలన్నియు ఒకే దారిని నడువవు గనుక, ప్రశ్నకంటె ముందుగా సమాధానము చేరుట సామాన్యముగా జరుగుచుండెను. కొన్ని లేఖలు కొన్ని స్థలములకు చేరనే లేదు. ఒకయూరి చదువరి దాచుకొన్న చర్చకును, మఱియొకయూరి చదువరి దాచుకొన్న యదే చర్చకును ఇందువలన భేదముండును. అయితే పోయినలేఖలకు ఒక రక్ష కలదు. ప్రత్యుత్తరము వ్రాయువాడు ఎదుటివాని వాక్యములను, ప్రతిపంక్తికి ముందొక గుర్తుంచి, తన లేఖలో చేర్చుకొని, వాని క్రింద తన ఖండనమును వ్రాయుట ఆచారమయ్యెను. నిడివి పెరుగుచున్నదని నాటివారు దీనిని మిక్కిలి నిందించిరి. నేడు మాత్రము, మూలలేఖ లుప్తమైనచోట, దానిలోని వాక్యములు ప్రత్యర్థి లేఖలో నుదాహృతములై దొరకుచున్నవి. పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరమును కూర్పకున్నచో పేరైన మిగులని కావ్యములెన్ని కలవో తలచుకొన్నచో ఈ దురాచారమునకు కృతజ్ఞత చెప్పవలసియే యుండును. జగ్గన మెచ్చి యెత్తెను, వీరు తిట్టుటకై యెత్తిరి, ఫలమొక్కటే.

1986-87 సంవత్సరములలో సమూహముల పేరులన్నియు మాఱెను. అంతవఱకు నెట్ అను పేరుతో మొదలగుచుండినవి కంప్, సై, సాక్, రెక్, టాక్ మొదలగు శాఖలక్రింద చేర్పబడినవి. నెట్.స్పేస్ సై.స్పేస్ అయినది. సమూహనామములతో అరలుకట్టి దాచుకొన్నవారి సంచయములలో ఒకే చర్చాపరంపర రెండు పేరుల క్రింద రెండు తునుకలై యుండుట కిదియే కారణము.

యూజ్‌నెట్ విశ్వవిద్యాలయములది, పెద్దయంత్రములది. ఇండ్లలోని చిన్నకంప్యూటరులవారి చరిత్ర వేఱు. 1978 ఫిబ్రవరి 16వ తేదీని షికాగోనగరమున వార్డ్ క్రిస్టెన్‌సెన్, రాండీ స్యూస్ అనువారు తమ ప్రకటనఫలకమును టెలిఫోనునకు తగిలించిరి. ఎవరైనను మోడెముతో పిలిచి, అందున్న లేఖలను చదివి, తమవి వ్రాసిపోవచ్చును. కాని ఒకరున్నంతసేపు వేఱొకరు ప్రవేశింపరాదు. ఇట్టివి తరువాత వేలకొలది పుట్టినవి. 1984లో టామ్ జెన్నింగ్స్ స్థాపించిన ఫిడోనెట్ వీనిని ఒకదానితోనొకటి కలిపెను. తీగను పట్టుకొని తెరమీద చదువుచు కూర్చుండుటవలన వెనుకవారికి తీగ దొరకదు, టెలిఫోను రుసుమును పెరుగును. ఐరోపాలో ఊరిలోని పిలుపులకు సైతము నిమిషముల లెక్కన రుసుముండెను గనుక బాధ యచ్చట మఱింత హెచ్చు.

ఈ యిబ్బందినుండి పుట్టినదే పొట్లపు పద్ధతి. 1987లో మార్క్ హెరింగ్ క్యు.డబ్ల్యు.కె. అను నొక కట్టను నిర్మించెను. చదువరి కోరిన సమూహములలో క్రొత్తగా చేరిన లేఖలన్నిటిని ఫలకయంత్రమే యొక పొట్లముగా కట్టి కుదించి యిచ్చును. చదువరి దానిని కొలది నిమిషములలో తన యింటి కంప్యూటరులోనికి దించుకొని, తీగను వదలి, తీరికమీద చదివి, తన ప్రత్యుత్తరములను వేఱొక పొట్లముగా కట్టి మఱునాడు పంపును. చదువుట యనునది తీగనుండి విడివడి, ఇంటిలో, డిస్కుముందట జరుగు పని యైనది ఇచ్చటనే. అనేకులకు సొంతసంచయము లేర్పడినది గూడ ఈ పద్ధతివలననే. ఏలయనగా ఉంచుకొనుటకు వేఱే శ్రమపడవలసినపని లేదు, చెఱుపకుండిన చాలును.

కాని యీ పొట్లము పరిశోధకునికి కొన్ని గండ్లు పెట్టినది. దాని నిర్మాణమున లేఖలు 128 బైట్ల తునుకలుగా నమర్పబడియుండును. మొదటి తునుకయే తలకట్టు. అందు వ్రాసినవాని పేరునకు 25 అక్షరములు, విషయమునకు 25 అక్షరములు మాత్రమే చోటు. అంతకు మించినది తెగిపోవును. సంవత్సరమునకు కడపటి రెండంకెలే మిగులును. యూజ్‌నెట్‌లోవలె ప్రతిలేఖకును లోకమంతట నొక్కటియే యగు గుర్తు దీనియందు లేదు. కావున ఈ పొట్లములనుండి మిగిలిన చర్చలలో సగము తెగిన శీర్షికలును, ఇంటిపేరు తెగిన వ్యక్తులును కాన్పింతురు. ఇదికూడ లేనివే యెక్కువ. ఫలకమును నడపినవాడు విసిగి యంత్రమును కట్టివేసిననాడు దానితోడనే చర్చలన్నియు పోయినవి. 1998లో జేసన్ స్కాట్ అనునతడు టెక్స్ట్‌ఫైల్స్ అను పేర ఫలకములనాటి దస్త్రములను ప్రోగుచేయ నారంభించునప్పటికి ఆ లోకము చాలవఱకు అంతరించియుండెను. అతనికి దొరకినవి ప్రజలు తమ ఫ్లాపీలమీద మిగుల్చుకొన్నవే.

తెలుగువారి చర్చలును ఈ చరిత్రలోనివే. 1990 తరువాతి తొలిసంవత్సరములలో, అమెరికాలో చదువుచు, ఉద్యోగములు చేయుచుండిన తెలుగువారు సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అను సమూహమున కూడి సాహిత్యము, భాష, సినిమా, రాజకీయము మొదలగువానిని గుఱించి వాదించుకొనుచుండిరి. నాటి లేఖలయందు చెల్లినది ఇంగ్లీషు అక్షరములు మాత్రమే. రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అనువారు ఇంగ్లీషు అక్షరములతో తెలుగును వ్రాయు పద్ధతినొకదానిని కల్పించి, దానిని తెలుగులిపిలోనికి మార్చు రిట్ అను ప్రోగ్రామును రచించిరి. పద్ధతికి ఆర్.టి.ఎస్. అని పేరు. పెద్దయక్షరములకును చిన్నయక్షరములకును గల భేదమే దానికి ప్రాణము. దీర్ఘములును, ట, డ, ణ, ళ మొదలగు మూర్ధన్యములును పెద్దయక్షరములతో సూచింపబడును. ఈ భేదమును పాటింపని సాధనముతో నకలెత్తినచో పాట, పట, పత యను మూడు మాటలును ఒక్కటియై పోవును. ఛందస్సును వాదించిన లేఖలో గురులఘువులు చెడినచో ఇక మిగులునదేమి?

అయినను ఈ రోమను తెలుగునకు ఒక భాగ్యము కలదు. యూనికోడ్ మొదటి కూర్పున, 1991లోనే, తెలుగునకు స్థానము దొరకినను, అది సామాన్యుల వాడుకలోనికి వచ్చుటకు పదియేండ్లకు పైగా పట్టెను. ఆ నడుమ తెలుగును తెలుగులిపిలోనే వ్రాసినవారు ఎవరి ఫాంటును వారు వాడిరి. ఆ ఫాంటు లేని కంప్యూటరున ఆ రచన యర్థము లేని చిహ్నముల గుంపుగా కాన్పించును. ఆర్.టి.ఎస్. లేఖకు ఏ ఫాంటును అక్కఱలేదు. దానిని ఫ్లాపీమీద నెత్తిపెట్టుకొన్నవాడు ఏ యంత్రమునందైన తెఱచి, కంటితోనే చదువవచ్చును. అందమైన లిపిలో వ్రాసినవి అక్షరశూన్యములై, వికారముగా నున్నదని గేలిచేయబడినది అక్షరముగా నిలిచినది. భారతదేశమున 1995 ఆగస్టు 15వ తేదీని విదేశ్ సంచార్ నిగమ్ ఇంటర్నెట్టును ప్రజలకు తెఱచిన తరువాత, విద్యార్థుల కిచ్చిన చవుక ఖాతాలలో అక్షరములు తప్ప బొమ్మలు కనబడెడివి కావు. అట్టి ఖాతాలకును ఆర్.టి.ఎస్. అనుకూలించినది.

ఇట్లుండ స్పెన్సరు టేపులకు ముదిమి వచ్చెను. అయస్కాంతపు టేపు నిత్యము కాదు. అంతకుముందే దానిని చదువు పరికరములు మూలబడును. టేపులు ఒంటారియోలోని లండను నగరమున నున్న వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయమునకు చేర్పబడినవి. అచ్చట డేవిడ్ వైజ్‌మన్ మొదలగువారు వానిని క్రమముగా చదివించి డిస్కులమీదికి దించిరి. యూజ్‌నెట్ చరిత్రమును పరిశోధించుచుండిన బ్రూస్ జోన్స్ ఈ రక్షణకు తోడ్పడెను. 141 టేపులకును 141 కట్టలు. అవి 1981 ప్రారంభమునుండి 1991 జూను వఱకే. కంప్యూటరుచరిత్రలో తఱచుగా ఉదాహరింపబడు రెండు లేఖలు, లినస్ టోర్వాల్డ్స్ తన క్రొత్త నిర్వహణవ్యవస్థను ప్రకటించినదియు, టిమ్ బెర్నర్స్-లీ వరల్డ్ వైడ్ వెబ్‌ను ఎఱుకపఱచినదియు, రెండును 1991 ఆగస్టులోనివి. రెండునెలల తేడాతో అవి యీ టేపులకు దక్కలేదు. ఇతరుల సంచయములవలన నిలిచినవి.

1995లో డేజా న్యూస్ అను సంస్థ యూజ్‌నెట్ లేఖలను తుడువక నిలిపి, ఎవరైనను ఏ మాటతోనైనను వెదకునట్లు తెఱచెను. అప్పుడే యీ చరిత్రలోని అసలైన వివాదము పుట్టినది. రెండు వారములలో పోవునని తెలిసి వ్రాసినవారు ఆ లేఖలను వ్రాతగా తలపలేదు, మాటగా తలచిరి. అరుగుమీద కూర్చుండి ఆడినమాటలను ఎవడో చాటునుండి వ్రాసికొని, ఏండ్లు గడచినపిదప, పేరుపేరున చదివి వినిపించినట్లాయెను. ఇరువదేండ్ల వయస్సున రోషముతో వ్రాసినది ముప్పదేండ్లవానికి ఉద్యోగమిచ్చువాడు చదువగలడు. సంస్థ యొక సవరణను అంగీకరించినది: లేఖ తలకట్టున ఎక్స్-నో-ఆర్కైవ్ అను పంక్తిని చేర్చినచో దానిని దాపదు. కాని ఆ లేఖను వేఱొకడు తన లేఖలో నుదాహరించినచో ఉదాహృతభాగము నిలుచును. 1981 మొదలు టొరొంటో టేపులకెక్కినవారికి ఈ పాటి వెసులుబాటును లేదు. అప్పటికి ఆ పంక్తియే లేదు.

ఈ వాదమున ఇరుపక్షములకును బలము కలదు. చరిత్రకారుడు లేఖను తుడువవలదని కోరుట న్యాయము. తుడుపుపడునను నమ్మికతో పలికినవాడు దానిని తుడువుడని కోరుటయు న్యాయమే. అయితే రెండు పనులను ఒక్కటిగా నెంచుటచే కలహము పెరిగినది. దాచుట వేఱు, పేరుపట్టి వెదకి తీయుట వేఱు. స్పెన్సరు దాచెను, అతని టేపులనుండి ఒక వ్యక్తి లేఖలన్నిటిని ఏరి తీయవలయునన్నచో ఎన్నియో దినముల శ్రమ. ఆ శ్రమయే వ్రాసినవారికి తెరయై యుండెను. వెదకుయంత్రము ఆ తెరను తీసివైచినది. తన డిస్కుమీద తాను చదువుకొనుటకై దాచుకొన్న చదువరి యెవరికిని అపకారము చేసినట్లు చెప్పరాదు.

2001 ఫిబ్రవరిలో గూగుల్ సంస్థ డేజా సంచయమును కొనెను. అప్పటికి అందు 50 కోట్లకు పైగా లేఖలుండెను. ఆ యేడు డిసెంబరులో, స్పెన్సరు టేపులను, కెంట్ లాండ్‌ఫీల్డ్ సి.డి.లుగా ప్రకటించియుండిన సంచయమును, యుర్గెన్ క్రిస్టొఫెల్ దాచినవానిని చేర్చి, ఇరువదేండ్ల యూజ్‌నెట్‌ను, 70 కోట్లకు మించిన లేఖలతో, లోకమునకు తెఱచెను. వ్రాసినవారు తమ లేఖలను తీసివేయుమని కోరుటకు మార్గము గూడ నుంచిరి. యూజ్‌నెట్‌ను తలపెట్టిన వారిలో నొకడైన జిమ్ ఎల్లిస్ ఆ సంవత్సరపు జూనులోనే మరణించెను. ఆ సంచయమున దొరకిన తొలిలేఖలు 1981 నాటివి. అతడును మిత్రులును 1980లో వ్రాసికొనిన మొట్టమొదటి లేఖలు అందు లేవు. వానిని ఎవరును ఎస్ నొక్కి దాచుకొన్నట్లు కానరాదు.

ఒక సంస్థ చేతిలో చేరినంతమాత్రమున స్థిరత్వము రాలేదు. 2024 ఫిబ్రవరి 22వ తేదీనుండి గూగుల్ యూజ్‌నెట్ క్రొత్తలేఖలను స్వీకరించుట మానివేసినది. పాతవి మాత్రము చూచుటకుంచినది. టొరొంటో టేపులనుండి దిగిన కట్టలను ఇంటర్నెట్ ఆర్కైవ్ అను గ్రంథాలయము కొన్నియేండ్లు ఎవరైనను దించుకొనునట్లుంచి, తమ పాతలేఖలను తొలగింపుమను న్యాయపరమైన యొత్తిడి రాగా, 2020లో ఆ కట్టలన్నిటిని ప్రజలకు మూసివేసెను. ఆలోపల వానిని తమ సొంత కంప్యూటరులలోనికి దించుకొన్నవారి యొద్ద ఆ 141 కట్టలు ఉన్నవి.